నింద ఎదురైనప్పుడు: మన కళాకారులకు ఒక ధమ్మపాఠం

ఈ పాఠం ముఖ్యంగా మనలో పాట పాడేవాళ్ళ కోసం, డప్పు కొట్టేవాళ్ళ కోసం, నాటకం వేసేవాళ్ళ కోసం, చేతిలో ఉన్న ఫోన్‌తోనే చిన్న సినిమాలు తీస్తున్న మన పిల్లల కోసం. స్టేజీ ఎక్కే అలవాటు లేనివాళ్ళు కూడా వదిలేయకుండా చదవండి. స్టేజీ కింద కూర్చునే మనకు కూడా ఇందులో పని ఉంది.

ఏప్రిల్ 14 వస్తే ఊరూరా మన పాట మోగుతుంది. అక్టోబర్‌లో దీక్షా దినం నాడు మోగుతుంది, వైశాఖ పున్నమికి మోగుతుంది. పాట మోగిన ప్రతిచోటా ఎవడో ఒకడు వెనక నిలబడి ఈల వేస్తాడు, కూతలు కూస్తాడు. ఇంకొకడు "పాటా అది, అరుపులు గాని" అంటాడు. ఇంకా ముందుకు పోయి కులం పేరు ఎత్తేవాడు కూడా ఉంటాడు. మన పిల్లలు అప్పుడు ఏం చేస్తున్నారు? కొందరు మైకు పెట్టేసి కొట్లాటకు దిగుతున్నారు. కొందరు ఇంటికెళ్ళి ఇంక పాడనని కూర్చుంటున్నారు. మొదటి దాంట్లో కేసులు మన మీదే పడతాయి. రెండో దాంట్లో పాట పోతుంది. ఈ రెండూ కాకుండా మూడో దారి ఉందా? ఉంది. ధమ్మంలో ఉంది, బాబాసాహెబ్ జీవితంలో ఉంది. అదే ఈ పాఠం.

నింద కొత్తది కాదు

బుద్ధుడు ఎనిమిది లోకధర్మాలు చెప్పాడు: లాభం, నష్టం, కీర్తి, అపకీర్తి, పొగడ్త, నింద, సుఖం, దుఃఖం. లోకంలో బతికే ప్రతి మనిషి చుట్టూ ఇవి తిరుగుతూనే ఉంటాయి. ఇందులో పొగడ్త పక్కనే నింద ఉంది, చూడండి. చప్పట్లు కావాలి, తిట్లు వద్దు అంటే కుదరదు. స్టేజీ ఎక్కడమంటేనే రెండింటికీ తలుపు తీయడం.

అతులుడు అనే ఉపాసకుడి కథ ఉంది. అతను ఐదు వందల మందిని వెంటబెట్టుకుని ధమ్మం వినడానికి వెళ్ళాడు. రేవతుడు ధ్యానంలో ఉండి ఏమీ మాట్లాడలేదు. ఏమీ చెప్పలేదని అతులుడికి కోపం. సారిపుత్తుడి దగ్గరికి వెళ్తే ఆయన లోతైన విషయాలు చాలాసేపు చెప్పాడు. ఇంతసేపా, ఎవడికి అర్థమవుతుంది అని మళ్ళీ కోపం. ఆనందుడు క్లుప్తంగా చెప్పాడు. ఇంతేనా అని మళ్ళీ కోపం. చివరికి బుద్ధుడి దగ్గరికి వెళ్ళి ముగ్గురి మీదా ఫిర్యాదు చేశాడు. మాట్లాడకపోతే నిందిస్తారు, ఎక్కువ మాట్లాడితే నిందిస్తారు, తక్కువ మాట్లాడినా నిందిస్తారు, ఇది ఇవాళ్టి సంగతి కాదు, లోకంలో నింద పడనివాడు లేడు అని బుద్ధుడు అతనికి చెప్పాడు.

పాట పొడుగైందని ఒకడు, పొట్టిదైందని ఒకడు అన్నప్పుడు ఈ అతులుణ్ణి తలుచుకోండి. సారిపుత్తుడి ప్రసంగానికే వంక పెట్టినవాళ్ళు ఉన్నారు. మన పాటకు పెట్టడంలో వింత ఏముంది?

అన్ని నిందలూ ఒకటి కావు

మనం చేసే పెద్ద పొరపాటు ఏమిటంటే, వచ్చిన ప్రతి మాటనూ ఒకే గాటన కట్టేయడం. తప్పు చెప్పిన పెద్దాయన మీదా కోపమే, ఈల వేసిన కుర్రాడి మీదా కోపమే, కులం పేరుతో తిట్టినవాడి మీదా అదే కోపం. ధమ్మం ముందు విడదీసి చూడమంటుంది. నిందను మూడు రకాలుగా విడదీద్దాం. ఒకటి, నిజమున్న విమర్శ. రెండు, ఎకసెక్కం. మూడు, కులదూషణ, దాడి. ఒక్కోదానికి ఒక్కో జవాబు. మందులు తారుమారైతే రోగం తగ్గదు.

మొదటిది: నిజమున్న విమర్శ

దీనికి బుద్ధుడు బ్రహ్మజాల సుత్తంలో పద్ధతి చెప్పాడు. సుప్రియుడనే పరివ్రాజకుడు దారి పొడుగునా బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని తిడుతూ వచ్చాడు. అతని శిష్యుడేమో పొగుడుతూ వచ్చాడు. భిక్ఖులు దాని గురించే మాట్లాడుకుంటుంటే బుద్ధుడు వచ్చి ఏమన్నాడు? నన్ను ఎవరైనా నిందిస్తే మీరు కోపం తెచ్చుకోవద్దు, కోపంలో ఉంటే వాళ్ళన్నది నిజమో అబద్ధమో మీకు తెలియదు కదా అన్నాడు. అబద్ధమైతే ఇది ఇందుకు అబద్ధం అని విడమర్చి చెప్పమన్నాడు. పొగిడితే ఉబ్బిపోవద్దనీ, అందులో నిజమున్నంత మేర ఒప్పుకోమనీ అన్నాడు.

కోపం వద్దనడానికి కారణం ఏం చెప్పాడో గమనించండి. పాపం వస్తుందని కాదు, ఆలోచన పోతుందని. ఇది బుద్ధి గురించి చెప్పిన మాట.

కళాకారుడి విషయంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. రాజగృహంలో తాలపుటుడు అనే నట బృంద నాయకుడు ఉండేవాడు. స్టేజీ మీద జనాన్ని నవ్వించినవాడు చచ్చాక నవ్వే దేవతల లోకంలో పుడతాడని మా పాత గురువులు చెప్పారు, మీరేమంటారు అని బుద్ధుణ్ణి అడిగాడు. ఆ ప్రశ్న వదిలేయమని బుద్ధుడు రెండుసార్లు తప్పించుకున్నాడు. మూడోసారి అడిగితే సూటిగా చెప్పాడు. జనంలో అప్పటికే ఉన్న రాగాన్ని, ద్వేషాన్ని, మోహాన్ని నీ ఆట ఇంకా పెంచుతోంది, నువ్వనుకుంటున్న ఫలితం దానికి రాదు అని. తాలపుటుడు బావురుమన్నాడు. అందుకే చెప్పనన్నాను అని బుద్ధుడంటే, మీరన్న మాటకు కాదు నా ఏడుపు, ఇన్నాళ్ళూ నన్ను మోసగించిన మాటలు నమ్మినందుకు అన్నాడు. తర్వాత సంఘంలో చేరి అర్హంతుడయ్యాడు. థేరగాథల్లో అతని పేరున ఉన్న గాథలు పొడుగైనవాటిలో ఒకటి. అందులో అతను మాట్లాడేది తన మనసుతోనే.

స్వర్గం, నరకం అన్న మాటలు ఆ కాలపు జనం భాషలో వచ్చినవి, వాటి దగ్గర ఆగిపోవద్దు. మనం తీసుకోవాల్సింది వేరే ఉంది. ఒక నటుడు తన జీవితంలో విన్న అతి కటువైన విమర్శ బుద్ధుడి నోటి నుంచే వచ్చింది. అతను కొట్లాడలేదు, పారిపోలేదు. ఏడ్చాడు, ఆ మాటను పట్టుకున్నాడు, మారాడు. ఏడవడం తప్పు కాదు. ఏడ్చి ఆ మాటను విసిరేస్తే తప్పు.

బాబాసాహెబ్ ఏం చేశాడు? 1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ ఆయన్ని అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. ప్రసంగం ముందే చదివి కొన్ని భాగాలు తీసేయమంది. ఆయన మార్చనన్నాడు. సభ రద్దయింది. ఆ ప్రసంగాన్నే ఆయన సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేశాడు. అదే 'కులనిర్మూలన'. గాంధీ తన హరిజన్ పత్రికలో దాన్ని విమర్శించాడు. పుస్తకం ఖరీదు ఎనిమిది అణాలు ఎక్కువన్న మాట కూడా అందులో ఉంది. 1937లో రెండో ముద్రణ వచ్చినప్పుడు బాబాసాహెబ్ గాంధీ విమర్శను తన పుస్తకంలోనే అచ్చు వేసి, దాని వెంట తన జవాబు వేశాడు. రెండూ చదివి మీరే తేల్చుకోండి అని పాఠకుడి చేతిలో పెట్టినట్టు. తనను విమర్శించిన మాటను దాచిపెట్టాల్సిన అవసరం ఆయనకు కనపడలేదు. తన మాట మీద తనకు నమ్మకం ఉన్నవాడు చేసే పని అది.

కాబట్టి నిజమున్న విమర్శకు జవాబు: వినడం, నిజమెంతో తూచడం, ఉన్నంత మేర దిద్దుకోవడం, లేనిదానికి కారణాలతో జవాబివ్వడం. డప్పు దెబ్బకు పాట మాటలు మింగుడు పడుతున్నాయి అని ముసలవ్వ అంటే అది అవమానం కాదు, మనకు వచ్చిన సాయం.

రెండోది: ఎకసెక్కం

ఈల, కూత, వెక్కిరింత. ఇందులో తూచడానికి ఏమీ ఉండదు. మన ముఖం మాడడం చూడాలని అవతలివాడి ఆశ. మనం ఉడుక్కుంటే అతనికి ఆ పూట గడిచిపోతుంది.

భరద్వాజ గోత్రపు బ్రాహ్మణుడొకడు తనవాడు సంఘంలో చేరాడన్న కోపంతో వేణువనానికి వచ్చి బుద్ధుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. బుద్ధుడు అంతా విని, మీ ఇంటికి చుట్టాలు వస్తారా, వాళ్ళకు భోజనం పెడతారా అని అడిగాడు. పెడతానన్నాడు. వాళ్ళు తినకపోతే ఆ భోజనం ఎవరిది? నాదే అన్నాడు. అట్లాగే నువ్వు తెచ్చిన తిట్లు నేను తీసుకోవడం లేదు, అవి నీ దగ్గరే ఉంటాయి, తిట్టినవాణ్ణి తిరిగి తిడితే ఇద్దరం ఒకే పంక్తిలో కూర్చుని తిన్నట్టు అన్నాడు. ఆ మనిషే తర్వాత సంఘంలో చేరాడు.

కోసంబిలో ఇంకో సంగతి జరిగింది. రాణి మాగందియ డబ్బులిచ్చి మరీ జనం చేత బుద్ధుణ్ణి వీధుల్లో తిట్టించింది. దొంగ, మూర్ఖుడు, ఎద్దు, గాడిద అంటూ వెంటపడ్డారు. ఆనందుడు తట్టుకోలేక, భంతే, ఇంకో ఊరికి పోదాం అన్నాడు. అక్కడా తిడితే? ఇంకో ఊరికి. అక్కడా తిడితే? అట్లా కాదు ఆనందా, గొడవ ఎక్కడ పుట్టిందో అక్కడే అది చల్లారాలి, అప్పుడే కదలాలి అన్నాడు. యుద్ధంలోకి దిగిన ఏనుగు బాణాలను ఓర్చుకున్నట్టు ఓర్చుకుంటానన్నాడు.

చూడండి, డబ్బులిచ్చి కూతలు కూయించడం మన కాలంలో పుట్టిన విద్య కాదు. దానికి బుద్ధుడు రెండు పనులు చేశాడు. తిట్టును తీసుకోలేదు. చోటు ఖాళీ చేయలేదు. మన బృందాలకు కూడా ఈ రెండూ కావాలి. తిరిగి తిట్టొద్దు. స్టేజీ దిగొద్దు.

తిరిగి తిట్టొద్దు అన్నప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలి. కోపంలో మనోళ్ళ నోటి నుంచి కూడా అవతలివాడి తల్లినీ అక్కచెల్లెళ్ళనూ తిట్టే బూతులు వస్తున్నాయి. స్త్రీని తిట్టి బాబాసాహెబ్ పాట ఎట్లా పాడతాం? సమ్యక్ వాక్కు అష్టాంగ మార్గంలో ఉన్నది గోడ మీద రాసుకోవడానికి కాదు.

మన గుర్రం జాషువాను గుర్తు చేసుకుందాం. మూకీ సినిమాల రోజుల్లో, 1915-16 ప్రాంతంలో ఆయన రాజమండ్రిలో సినిమా వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మ ఆడుతుంటే కథ, సంభాషణలు జనానికి చదివి వినిపించే పని. జనం ముందు గొంతు ఎత్తడం ఆయనకు కొత్త కాదు. వినుకొండలో ఒక అవధాన సభలో కొప్పరపు కవులను మెచ్చుకుంటూ పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు అవమానించారు. తిట్టడానికి కాదు, పొగడడానికి వెళ్ళినవాడికి ఆ గతి! ఆయన పద్యం మానేశాడా? లేదు. 1941లో 'గబ్బిలం' వచ్చింది. గుళ్ళోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకని తన గోడు శివుడికి చెప్పమని ఒక దళితుడు గబ్బిలాన్ని పంపుతాడు. మేఘంతో సందేశం పంపే పాత కావ్య పద్ధతినే తీసుకుని, ఎవరు తనను సభలోంచి పొమ్మన్నారో వాళ్ళ పద్యంలోనే వాళ్ళకు వినిపించాడు. తర్వాత చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. పని ఆపకపోవడమే ఎకసెక్కానికి జవాబు అనడానికి మన భాషలో ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మూడోది: కులదూషణ, దాడి

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. బుద్ధుడు ఓర్చుకోమన్నాడు కదా అని మనల్ని నోరు మూసుకోమనేవాళ్ళు ఉంటారు. ఓర్పును ఖంతి అంటాం. ఖంతి అంటే మనసులో ద్వేషం పెంచుకోకపోవడం. అన్యాయం జరుగుతుంటే చేతులు కట్టుకోవడం కాదు.

కేరళలో పి.కె. రోజీ అనే ఆమె ఉండేది. దళిత కుటుంబం. గడ్డి కోసి బతుకుతూ, కక్కారిశ్శి నాటకాలు ఆడేది. మలయాళంలో మొదటి సినిమా అయిన జె.సి. డేనియల్ మూకీ చిత్రం 'విగతకుమారన్'లో కథానాయిక ఆమే. వేసిన పాత్ర నాయర్ స్త్రీది. తిరువనంతపురం క్యాపిటల్ థియేటర్‌లో బొమ్మ వేస్తే, దళిత స్త్రీ నాయర్ స్త్రీగా కనపడడమా అని జనం మండిపడ్డారు, తెర మీద రాళ్ళు వేశారు. ఆమె ఇల్లు తగలబెట్టారు. ఆమె తమిళనాడు వైపు పారిపోయింది. పేరు మార్చుకుని బతికింది. మళ్ళీ తెర మీద కనపడలేదు. డేనియల్ కూడా మరో సినిమా తీయలేదు.

దీన్ని విమర్శ అందామా? ఎకసెక్కం అందామా? రోజీ బాగా నటించిందా లేదా అన్నది ఆ రాళ్ళు వేసినవాడికి పట్టనే లేదు. ఆమె పుట్టుకే నేరమైంది. రోజీ దగ్గర ఓర్పు లేక కాదు ఆమె ఓడిపోయింది. ఆమె వెనక నిలబడే సంఘం లేక. ఈ తేడా మనం తెలుసుకోవాలి. ఒంటరి కళాకారుడికి ఓర్పు ఒక్కటే నేర్పి పంపిస్తే, నిప్పు దగ్గరికి చేతులు కట్టేసి పంపినట్టే.

నాగరాజ్ మంజులే మరాఠీ సినిమా 'ఫండ్రీ' (2013) చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పందిని పట్టడానికి పరుగెత్తే కుటుంబాన్ని చూసి ఊరంతా నవ్వుతుంది, గేలి చేస్తుంది. చివర్లో ఆ పిల్లవాడు విసిరిన రాయి కెమెరా వైపే, అంటే చూస్తున్న మన వైపే వస్తుంది. రోజీ కాలంలో రాయి జనంలోంచి తెర మీదికి వచ్చింది. ఇక్కడ తెరలోంచి జనం వైపుకు వచ్చింది, ఎవరి తలా పగలకుండా. కళ చేయగల పని అది.

నిజం రాయికి నిజం జవాబు బాబాసాహెబ్ మహద్‌లో చూపించాడు. 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్ళు తాగి వచ్చాక, వీళ్ళు గుళ్ళోకి కూడా వస్తారట అని పుకారు లేపి మూకలు మనవాళ్ళ మీద పడ్డాయి. తిరిగి కొట్టడానికి మనవాళ్ళు వందల మంది సిద్ధంగా ఉన్నారు. బాబాసాహెబ్ ఆపాడు. ఆపి ఇంటికి పొమ్మనలేదు. కేసు పెట్టించాడు. దాడి చేసినవాళ్ళలో కొందరికి జైలుశిక్ష పడింది. చెరువు మీద వ్యాజ్యం పదేళ్ళు నడిచింది. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు ఇచ్చింది. చెయ్యి ఎత్తలేదు, చెరువు వదల్లేదు. ఖంతి అంటే ఇది.

మీరు తెలుసుకోవాల్సిన చట్టం కూడా చెబుతాను. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి పదిమందికి కనిపించే చోట మనల్ని కావాలని అవమానించినా, కులం పేరుతో తిట్టినా నేరం. స్టేజీ ముందు కన్నా పదిమంది కనిపించే చోటు ఏముంటుంది? ఎఫ్‌ఐఆర్ రాయడానికి ముందస్తు విచారణ అక్కర్లేదని సెక్షన్ 18ఏ చెబుతుంది. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీకి తగ్గని అధికారి. మీరు బౌద్ధులయ్యారు కదా, మీకు ఈ చట్టం వర్తించదు అని స్టేషన్‌లో ఎవరైనా అంటే బెదరొద్దు. బౌద్ధం స్వీకరించినవాళ్ళకు ఎస్సీ హోదా ఉంటుందని 1990లోనే చట్టం సవరించారు.

కేసు పెట్టడం ద్వేషం కాదు. ఆ మనిషి పాడవ్వాలని కాక, ఆ పని ఆగాలని పెడితే అది ధమ్మానికి దూరం కాదు.

స్టేజీ కింద ఉన్న మన సంగతి

మనవాళ్ళను కటువుగా అనేది బయటివాళ్ళే అనుకోవద్దు. పాట అయిపోగానే మనమే అందరి ముందూ "గొంతు లేదు, తాళం లేదు" అంటాం. అభయ రాజకుమార సుత్తంలో బుద్ధుడు మాటకు కొలత చెప్పాడు. అది నిజమా? మేలు చేసేదా? నిజమై, మేలు చేసేదై, వినడానికి చేదుగా ఉంటే సమయం చూసి చెప్పాలి. తాలపుటుడి విషయంలో బుద్ధుడే రెండుసార్లు ఆగాడు కదా. పన్నెండేళ్ళ పాప మొదటిసారి మైకు పట్టుకుని దిగిన క్షణం, ఆమె తప్పులు లెక్కపెట్టే సమయం కాదు. రెండు రోజులాగి, విహారంలో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.

ఆచరణలో

1. ప్రదర్శనకు ముందు బృందమంతా ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టండి. గొడవ వస్తే ఎవరు మాట్లాడాలో ఒక్కరినే ముందే అనుకోండి. మిగతావాళ్ళు పాట ఆపొద్దు.

2. ఎకసెక్కం చేసేవాడి పేరు మైకులో ఎత్తొద్దు. వాడికి కావాల్సింది అదే.

3. పెద్దవాళ్ళు నలుగురు స్టేజీ పక్కన నిలబడాలి. ఆడపిల్లలు పాడుతున్నప్పుడు ఇది తప్పనిసరి. రోజీకి దొరకనిది మన పిల్లలకు దొరకాలి.

4. కులదూషణ జరిగితే తేదీ, సమయం, అన్న మాటలు, విన్నవాళ్ళ పేర్లు ఆ రాత్రే కాగితం మీద రాయండి. వీడియో ఉంటే దాచండి. తెల్లారి కలిసి స్టేషన్‌కు వెళ్ళండి.

5. మర్నాడు బృందం కూర్చుని, వచ్చిన మాటలన్నిటినీ మూడు కుప్పలు పోయండి. మొదటి కుప్ప నేర్చుకోవడానికి. రెండోది వదిలేయడానికి. మూడోది సంఘంతో కలిసి ఎదుర్కోవడానికి.

విహారంలో చర్చించుకోండి

మీ ఊళ్ళో ఈ ఏడాది మన పాటకు వచ్చిన నిందల్లో ఏది ఏ కుప్పలోకి వస్తుంది? మాట పడలేక పాడడం మానేసినవాళ్ళు మీ వాడలో ఎవరైనా ఉన్నారా? వాళ్ళింటికి ఎవరు వెళ్తారు, ఎప్పుడు?

ఆ చివరి ప్రశ్నకు జవాబు ఒక పేరు, ఒక తేదీగా రాసుకున్న తర్వాతే ఈ పాఠం ముగించండి.

నమో బుద్ధాయ! జై భీమ్!